ఉసేనమ్మ చెప్పులు వరసలో ఉన్నాయి

సోమవారం, అంగడి కట్టేశాక

అంగట్లో వచ్చే ఇబ్బందులన్నీ ఏ రోజువి ఆ రోజు రాసి పంపమని ఊరి సంఘం నాకు చెప్పింది. రాస్తూనే ఉన్నాను. అవతల ఎవరైనా చదువుతున్నారో లేదో తెలియదు. చదువుతూ ఉంటే ఈపాటికి నాకు సాయంగా ఇంకో మనిషినైనా ఇచ్చేవాళ్ళు, లేదా నన్ను కొన్నాళ్ళు ఇంట్లో పడుకోమనైనా అనేవాళ్ళు.

ఇవాళ్టి ఇబ్బంది నిన్నటిదే. చెప్పులు.

పొద్దున నేను వచ్చేసరికి బిల్లు కౌంటరు నుంచి నీళ్ళ కుళాయి దాకా చెప్పుల జతలు బారు తీరి ఉన్నాయి. మనుషులు మాత్రం ఇద్దరే. ఒకరు దస్తగిరి, బండలు పరిచే మేస్త్రి. రెండో మనిషి ఈశ్వరి టీచరు. ఆవిడ కూడా నిలబడి లేదు. బియ్యం బస్తా మీద కూర్చుని పిల్లల లెక్కలు దిద్దుకుంటోంది. మిగిలినవాళ్ళంతా చెప్పులు విడిచి ఎవరి పనుల మీద వాళ్ళు వెళ్ళిపోయారు. వరస కదిలినప్పుడల్లా వెనక ఉన్నవాళ్ళు ముందున్న జతల్ని కాలితో నెడుతుంటారు. ఒకరి చెప్పుల్ని ఇంకొకరు గట్టిగా నెట్టారని పోయిన వారం ఇద్దరు అక్కచెల్లెళ్ళు మాటలు మానేశారు.

పాత నాపరాతి గనిలో కట్టుకున్న మా నీడగల్లులో పిల్లలు నడక నేర్చిన రోజునే చెప్పులో బిళ్ళ కుట్టి ఇస్తారు. బండల కింద పరిచిన తీగలు ఆ బిళ్ళను బట్టి ఎవరు ఏ వీధిలో ఉన్నారో చెబుతుంటాయి. నిప్పుగాలి లేచిన రోజున పై తలుపు మూసేముందు అందరం గనిలోకి దిగామో లేదో చూసుకోవడానికి సంఘం ఆ ఏర్పాటు చేసింది. మావాళ్ళు దాన్ని కందిపప్పు దగ్గర వంతు కోసం వాడుకుంటున్నారు.

బిల్లు మిషను కూడా ఆ బిళ్ళల్ని చూసే పేర్లు పిలుస్తుంది. మొదట్లో మావాళ్ళు వరసలో రాయి పెట్టి చూశారు, సంచి పెట్టి చూశారు, తువ్వాలు పరిచి చూశారు. మిషను పట్టించుకోలేదు. తర్వాత ఎవరో చెప్పులు విడిచి పక్కకు పోతే పేరు పెట్టి మర్యాదగా పిలిచింది. ఆ రోజుతో నా సుఖం పోయింది. పైగా నాపరాతి బండలు చల్లగా ఉంటాయి కాబట్టి ఊరంతా వట్టి కాళ్ళతో తిరగడం వాళ్ళకొక ముచ్చట.

"ఉసేనమ్మ గారూ, దయచేసి ముందుకు రండి" అంది మిషను. దాని గొంతు రేడియోలో వార్తలు చదివేవాళ్ళ గొంతు. ఈ ఊళ్ళో ఎవరూ అలా మాట్లాడరు.

ముందుకు రావడానికి ఉసేనమ్మ లేదు. ఆమె చెప్పులున్నాయి. ఎర్ర వార్లు, ఒక వారుకు పిన్నీసు.

"అవి పక్కకు నూకి నాది కొట్టు మామా, పనికి పోవల్ల" అన్నాడు దస్తగిరి.

"నువ్వే నూకు. ఆమె వచ్చి అడిగితే నీ పేరు చెప్తా."

దస్తగిరి నూకలేదు. బండలు పగలగొట్టే మనిషే గానీ ఆ పిన్నీసు చెప్పుల జోలికి పోయే ధైర్యం అతనికి లేదు. మిషను మూడోసారి పిలిచాక ఉసేనమ్మ చేతులనిండా పిండితో పరుగెత్తుకొచ్చింది.

"వస్తి, వస్తి! నా వంతు పోలేదు గదా?"

"యాడికి పోయినావత్తా?"

"యాడికి పోతా? ఇడ్లీ పిండి పొంగిపోతాంటే కలిపొస్తి. నేను లేకపోతే ఏమాయ, నా చెప్పులుండాయి గదా."

"చెప్పులు వచ్చి బొటనవేలు వేస్తాయా?"

"నీకు నోరు బాగా లేస్తాండాది మద్దిలేటీ" అని, పిండి చేతినే మిషను మీద పెట్టింది. మిషను గుర్తుపట్టలేదు. నా చొక్కా అంచుకు వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. అప్పుడు పట్టింది. సరుకులన్నీ సంచిలో వేశాక, "అయ్యో, ఒక్క నిమిషం, ఆవాలు మర్చిపోతి" అని లోపలికి పోయింది. లోపల ఎవరో కనిపించినట్టున్నారు. ఆ నిమిషం ఎంతసేపు నడిచిందో నేను రాయను. వరసలో ఉన్న చెప్పులకు ఓపిక ఎక్కువ. నాకు లేదు.

బుధవారం, మధ్యాహ్నం

ఉసేనమ్మ నాకు చుట్టమేమీ కాదు. నేను ఈ కౌంటరు దగ్గర కూర్చున్న మొదటి రోజు నుంచి నన్ను తిడుతున్న మనిషి, అంతే. మొగుడు పోయాడు. పిల్లలు లేరు. కారం పొట్లం విప్పి వాసన చూడనిదే తీసుకోదు. చూశాక తుమ్ముతుంది. తుమ్మాక, "ఘాటు లేదప్పా" అంటుంది.

ఇవాళ బూడిద గుమ్మడికాయ కొన్నది. ఉన్నవన్నీ చెవి దగ్గర పెట్టుకుని తట్టి తట్టి, చివరికి మొదట తట్టినదే తీసుకుంది. మినప్పప్పు, జీలకర్ర, ఇంగువ. ఏం చేయబోతోందో చెప్పనక్కర్లేదు.

"పైన ఆరబెడతావా? మిషనులో ఆరబెట్టుకోరాదా, సంఘం వాళ్ళు ఊరికే ఇస్తాండారు గదా" అన్నాను.

"ఆ మిషనులో ఎండినవి నువ్వు తిన్యావా? అట్టముక్కలు. ఒడియమంటే ఎండలో ఎండల్ల. పైన ఎండ మనుషులకు పనికిరాదేమో గానీ ఒడియాలకు బంగారం."

అది నిజమే. గనిలో ఏదీ ఎండదు. ఉతికిన బట్టలు కూడా చెమ్మ వాసనతోనే కట్టుకుంటాం. అందుకే సగం ఊళ్ళో ఆడవాళ్ళు తెల్లవారకముందే పైకి పోయి, పాత రాళ్ళ దొంతరల మీద చీరలు పరిచి, వడియాలో మిరపకాయలో పోసి వస్తారు. పొద్దు పొడిచి దిగుడు సైరన్ మోగేలోపల కిందికి దిగాలి. మళ్ళీ మర్నాడు పోయి ఎత్తుకోవాలి. బిళ్ళ ఉన్న చెప్పులు లేకుండా పైకి పోకూడదని కూడా ఒక నియమం ఉంది.

"చెప్పులు నా వరసలో పెట్టి పైకి ఎట్ల పోతాండావత్తా? కాళ్ళు కాలవా?"

"బిళ్ళ పీకేసిన మా ఆయన టైరు చెప్పులు ఉండాయి గదా. సముద్రం ఎండినా అవి అరగవు."

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. అక్కడితో ఆ మాట వదిలేసి తర్వాతి బిల్లు కొట్టాను.

గురువారం, అంగడి కట్టేశాక

కౌంటరు పైన బోర్డు పెట్టించాను. "వరసలో మనుషులు నిలబడాలి, చెప్పులు కాదు." పెద్ద అక్షరాలు, ఎర్ర రంగు. సాయంత్రానికి దాని కిందైతే ఎవరూ తొక్కరని చెప్పులన్నీ అక్కడికే జరిపారు.

పై తలుపు కాపలా ఉండే పుల్లయ్య చిన్నాయన బీడీల కోసం వచ్చి ఆ బోర్డు చదివి పడీపడీ నవ్వాడు.

"నవ్వు చిన్నాయనా. నీ తలుపు దగ్గర ఇట్ల చేస్తే తెలుస్తాది."

"నా తలుపుకు ఎవురితోనూ తగువు లేదప్పా. నా తెర మీద ఊరంతా చుక్కలు చుక్కలుగా కనపడతాది. అందరూ లోపలుంటే మూస్తాది. గాలి తగ్గినాక తీస్తాది. నేను ఊరికే కూసోని చూస్తాంటా."

"ఎవరన్నా పైనే ఉండిపోతే?"

"అయిదు చుక్కలు తగ్గితే దానంతట అదే తెరుచుకుంటాది. ముందు ఒక్కటి తగ్గినా తీసేది. దినామూ ఎవుడో ఒకడు బిళ్ళ పోగొట్టుకునేది, నడి గాలిలో తలుపు తీసుకునేది, వేడంతా లోపలికి కొట్టేది. పోయినేడు ఆసుపత్రి వార్డు సగం కమిలిపాయ గదా. అప్పుడు మార్చినారు. ఒకటో రెండో తగ్గితే బిళ్ళ చెడిపోయిందనుకుంటాది."

బీడీలు తీసుకుని, తన చెప్పులు చూసుకుని, "ఇంతకీ నా వంతు యాడ?" అన్నాడు. అతనూ పొద్దుటే చెప్పులు పెట్టి పోయాడు. నేను నెత్తి కొట్టుకున్నాను.

శనివారం, సాయంత్రం

కూర్చుని రాసే ఓపిక లేదు. అయినా అన్నీ వరసగా రాస్తాను. రేపు ఎవరైనా అడుగుతారు.

ఇవాళ నేను అంగడి తీస్తుండగానే సైరన్ మామూలు కంటే ముందే మోగింది. గాలి తూర్పు నుంచి లేస్తోందని, వెంటనే దిగిపోవాలని చెప్పారు. అంగడి ముందు నుంచే జనం గంపలతో, చాపలతో దబదబ దిగిపోయారు. కాసేపటికి పై తలుపు మూసుకున్న చప్పుడు రాళ్ళలోంచి వినిపించింది. ఆ చప్పుడు వింటే ఈ ఊళ్ళో ఎవరికైనా ప్రాణం కుదుటపడుతుంది. పనిలో పడ్డాను.

గాలి రోజున అంగడి కిటకిటలాడుతుంది. తలుపు మూస్తే ఎన్నాళ్ళకు తీస్తారో అని అందరూ సరుకుల మీద పడతారు. ఇవాళ వరసలో చెప్పులతోపాటు మనుషులు కూడా ఉన్నారు.

"ఉసేనమ్మ గారూ, దయచేసి ముందుకు రండి."

ఎర్ర వార్లు, పిన్నీసు. పొద్దుటే అందరికంటే ముందు పెట్టి పోయినట్టుంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంత హడావిడిలో కూడానా అని నాలో నేనే తిట్టుకున్నాను. మిషను రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిచింది. వరస మొత్తం గొణగడం మొదలుపెట్టింది.

"ఎవరన్నా ఆమెను పిలుచుకోని రండప్పా" అన్నాను.

"ఇంట్లో లేదు" అంది ఈశ్వరి టీచరు. ఆవిడది ఉసేనమ్మ పక్కిల్లు. "నేను వచ్చేటప్పుడు తలుపు తట్టినాను. తాళం వేసుండాది."

"పిండి మర దగ్గరుంటాది."

"మర ఇయ్యాల మూసినారు."

అప్పుడు వరస వెనక నుంచి సోమక్క అంది. "తెల్లారకముందు గంప పెట్టుకోని మెట్లెక్కతాంటే నేను చూస్తినే. ఒడియాలు ఎత్తుకోని వస్తానని చెప్పె."

నాకు టైరు చెప్పులు గుర్తొచ్చాయి. వెంటనే పుల్లయ్య చిన్నాయనకు ఫోను కలిపాను.

"చిన్నాయనా, ఉసేనమ్మత్త పైన ఉండాది."

"ఉసేనమ్మా? నీ అంగట్లోనే ఉండాది గదప్పా. నా తెర మీద చూస్తాండా. కౌంటరు ముందరే, మొదటి మనిషి."

"ఆమె లేదు చిన్నాయనా. ఆమె చెప్పులుండాయి."

అవతల కుర్చీ కింద పడిన చప్పుడు వినిపించింది.

తర్వాత, "నేను తీయలేనప్పా, దీనికి పిడి కూడా లేదు, అదే తీసుకోవల్ల" అన్నాడు. సంఘం ఆఫీసుకు చేశాను. గాలి రోజున వాళ్ళు కూడా అడుగు గనిలోకి దిగిపోతారు. ఎవరూ ఎత్తలేదు.

ఫోను పెట్టి చూస్తే అందరూ నన్నే చూస్తున్నారు. పుల్లయ్య చెప్పిన అయిదు చుక్కల సంగతి వాళ్ళకు చెప్పాను. దస్తగిరి నా మాట పూర్తి కానివ్వలేదు. నడుముకున్న సుత్తి తీసి ఉసేనమ్మ చెప్పును బండ మీద పెట్టి ఒక్కటి వేశాడు. బిళ్ళ పటుక్కుమంది.

"ఒక బిళ్ళ పనిచేయడం లేదు. దయచేసి కార్యాలయంలో మార్చుకోండి" అంది మిషను.

నేను నా చెప్పులు విడిచి ఇచ్చాను. దస్తగిరి తనవి కూడా పెట్టి రెండూ కొట్టాడు. ఈశ్వరి టీచరు తన చెప్పులు చేత్తో తెచ్చి ఇచ్చింది. నాలుగు. ఇంకొకటి కావాలి.

ఇక్కడ ఒక మాట రాయాలి. బిళ్ళ పోతే కొత్తది వచ్చేదాకా మిషను దృష్టిలో ఆ మనిషి లేనట్టే. వరసలో వంతు ఉండదు, పద్దు ఉండదు, సరుకు ఇవ్వదు. తలుపు ఎన్నాళ్ళు మూసుంటుందో తెలియని రోజున, ఇంట్లో పిల్లలున్న మనుషులు, చీకటితో లేచి చెప్పులు పెట్టుకున్న మనుషులు. వరసలో ఒక్క అడుగు వెనక్కి జరగమంటే కొట్లాటకు దిగేవాళ్ళు. నేను ఎవరినీ అడగలేకపోయాను.

సోమక్క ముందుకొచ్చింది. పోయిన నెల జ్వరంతో ఉన్న మనిషిని కూడా తన ముందు నిలబడనివ్వని మనిషి ఆమె. చెప్పులు విడిచి దస్తగిరి ముందు పడేసి, "కొట్టు" అంది. ఆమె వెనకాయన కూడా పడేశాడు. ఆ వెనకామె పడేసింది. అయిదు చాలని నేను అరిచాను. ఎవరూ వినలేదు. సుత్తి దొరకనివాళ్ళు నా అంగట్లో అమ్మకానికి పెట్టిన రోకళ్ళు తీసుకుని కొట్టారు. అంగడంతా పటపటమని చప్పుడు.

"వరస ఖాళీగా ఉంది. ధన్యవాదాలు" అంది మిషను.

అంత జనం మధ్య నిలబడి ఆ మాట విన్నాను. బతికినంతకాలం మర్చిపోను.

ఆ వెంటనే ఊరంతా గంట మోగింది. పైనుంచి తలుపు కదిలిన చప్పుడు, దాని వెంట వేడి. నేనూ దస్తగిరీ గోనెసంచులు నీళ్ళలో ముంచి నెత్తిన కప్పుకుని మెట్లెక్కాం. పుల్లయ్య చిన్నాయన తలుపు దగ్గర ఎదురై, తనూ వస్తానని ఏడుస్తూ మా వెంట పడ్డాడు. కాళ్ళకు గోనె చుట్టుకున్నాం. బయట ఎర్రగా ఉంది. ఏమీ కనిపించలేదు. కళ్ళు తెరిస్తే మంట. దొంతరలు ఎక్కడున్నాయో దస్తగిరికి చెయ్యి పెట్టి తడిమితే తెలుస్తుంది కాబట్టి అతని నడుము పట్టుకుని నడిచాం. "అత్తా" అని నేను అరిస్తే నా అరుపు నాకే వినిపించలేదు.

మూడో దొంతర కింద, రెండు బండల సందులో ముడుచుకుని ఉంది. ముఖం మీద చీర కప్పుకుంది. చీర కొంగులో వడియాలు మూట కట్టి కడుపు కింద పెట్టుకుంది. పిలిస్తే పలకలేదు. తడి గోనె చుట్టి ముగ్గురం మోసుకొచ్చాం. తలుపు మళ్ళీ మూసుకోలేదు కాబట్టి గాలి తగ్గేదాకా మనుషులు దానికి తడి గోనెలు అడ్డం కట్టి నిలబడ్డారు.

మేం దిగేసరికి ఈశ్వరి టీచరు మెట్ల దగ్గర నిలబడి బడిలో పిలిచినట్టు ఊళ్ళో పేర్లన్నీ పిలుస్తోంది. ముసలివాళ్ళు కూడా చెయ్యెత్తి "వచ్చినా టీచర్" అంటున్నారు. ఎవరూ తగ్గలేదు. ఒక్క పేరు దగ్గర మాత్రం ఆవిడ ఆగి మా వైపు చూసింది.

ఆసుపత్రిలో పెట్టారు. ఇంకా కళ్ళు తెరవలేదు. ఆ మొదటి పిలుపుకే నేను తిట్టుకోకుండా ఆలోచించి ఉంటే ఎంతో కొంత ముందుగా పోయేవాళ్ళం. ఆ మాట నన్ను తొలిచేస్తోంది.

ఆదివారం, అంగడి కట్టేశాక

పొద్దున అంగడికి ఎవరూ రారనుకున్నాను. అందరూ వచ్చారు. వట్టి కాళ్ళతో, ఒకరి వెనక ఒకరు, మనుషులే నిలబడ్డారు. మిషను మాత్రం వరస ఖాళీగా ఉందని అంటూనే ఉంది. దాని నోరు మూయడానికి తువ్వాలు కప్పాను. సరుకులు నేనే ఇచ్చాను, లెక్కలు తర్వాత చూసుకుందామన్నాను. పప్పు తీసుకుంటూ ఒకరు, నూనె తీసుకుంటూ ఒకరు, అందరూ ఒకటే అడిగారు. "లేచిందా?"

మధ్యాహ్నానికి లేచింది. నేను అంగడి వదిలి పరుగెత్తాను. పెదవులు పగిలి, చేతులకూ అరికాళ్ళకూ కట్లతో పడుకుని ఉంది. సైరన్ విందట. ఒక చీర మీదివి ఎత్తి గంపలో వేసుకుని, రెండో చీర కోసం తిరిగి పోయిందట. అంతలోకి గాలి వచ్చింది. గంప ఎగిరిపోయింది.

"ఎన్ని చెప్పులు పగలగొట్టినారంట నా కోసరం?" అంది.

"ఎన్నో లెక్క పెట్టలే అత్తా."

ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది. నన్ను తిట్టలేదు.

సంఘం నుంచి ఇంజనీరు వచ్చాడు. మంచివాడే. పగిలిన బిళ్ళల కుప్ప చూసి చాలాసేపు తల గోక్కున్నాడు. ఇకనుంచి బిళ్ళలు చెప్పుల్లో కాదు, మణికట్టుకు కడతారట. తలుపుకు పిడి కూడా పెడతారట. కాబట్టి వరసలో ఇక చెప్పులుండవు. మనుషులే ఉంటారు. నేను కోరుకున్నది ఇదే. సంతోషించాల్సిన మాట.

శుక్రవారం, అంగడి కట్టేశాక

ఉసేనమ్మ వచ్చింది.

ముందుగా ఎవరో గుసగుసగా చెప్పారు. చూస్తే వరస చివర నిలబడి ఉంది. చేతికి కొత్త బిళ్ళ, కాళ్ళకు కొత్త చెప్పులు. ముందుకు రమ్మని ఎంతమంది పిలిచినా రాలేదు. తన వంతు వచ్చేదాకా, ఆ అరికాళ్ళ నొప్పితో, తల దించుకుని నిలబడింది. కౌంటరు మీద చిన్న కాగితం పెట్టింది. అందులో రాసినవన్నీ తీసి ఇచ్చాను. కారం పొట్లం చేతికిచ్చి ఆగాను. వాసన చూడలేదు.

"ఇంకేమన్నా కావాలా అత్తా?"

"లేదు నాయనా."

"ఆవాలు?"

"వద్దు నాయనా. నీకు పొద్దు పోతాది. నా వల్ల ఇప్పటికే అందరికీ శానా అయ్యింది."

వేలు శుభ్రంగా తుడుచుకుని మిషను మీద పెట్టింది. మొదటిసారికే పట్టింది. సంచి తీసుకుని వెళ్ళిపోయింది. వెనకవాళ్ళు ఒక్క నిమిషం కూడా ఆగాల్సిన అవసరం రాలేదు.

కస్టమరంటే ఇలా ఉండాలని నేను ఈ కౌంటరు వెనక ఎన్నేళ్ళుగా కోరుకున్నానో లెక్క లేదు. ఇవాళ అలాంటి మనిషి వచ్చి పోయింది. నేను చూడలేకపోయాను. ఆమెను పైనుంచి మోసుకొచ్చాం గానీ ఇంకా ఏదో ఆ దొంతర కిందే ఉండిపోయినట్టుంది.

దస్తగిరి కూడా అదే అన్నాడు. "మామా, ఆమె నన్ను చూసి 'బాగుండావా' అని అడిగిందే! ఎప్పుడన్నా అడిగెనా? నాకు బయమేసింది."

సోమవారం, అంగడి కట్టేశాక

నేను చేసిన పని మంచిదో చెడ్డదో తెలియదు. సంఘం వాళ్ళు చదివితే నా మీద ఫిర్యాదు రాసుకోవచ్చు.

ఉసేనమ్మ మళ్ళీ వచ్చింది. మళ్ళీ చివర నిలబడింది. కాగితంలో వంకాయలు అని ఉంది. బుట్టలో నిగనిగలాడే లేత వంకాయలున్నాయి. నేను కిందికి వంగి, పారేయడానికి పక్కన పెట్టిన తట్టలోంచి ఏరాను. ముదిరినవి, తొడిమ వాడినవి, పక్కన బెజ్జం ఉన్నవి. ఒకదాని బెజ్జంలోంచి పురుగు బయటకు తొంగి చూస్తోంది. దాన్ని అన్నిటికంటే పైన పెట్టి సంచిలో వేశాను. వరసలో వెనకున్న సోమక్క అది చూసి నోరు తెరిచింది. కళ్ళతోనే ఆగమన్నాను.

ఉసేనమ్మ సంచిలోకి చూసింది. పురుగును చూసిందని నాకు తెలుసు. ఆమె కళ్ళకు ఇంకా ఏమీ కాలేదు.

"సరే నాయనా" అంది. సంచి తీసుకుంది.

ఆమె మెల్లగా నడిచింది. నూనె డబ్బాల పక్కనుంచి, బియ్యం బస్తాల పక్కనుంచి. తరవాతి మనిషిని మిషను పిలిచింది. నేను సరుకు తూకం వేస్తున్నాను గానీ చూపంతా ఆమె వీపు మీదే ఉంది. గడప దగ్గర ఆగింది. ఒక చేత్తో స్తంభం పట్టుకుంది. కాళ్ళు నొప్పేమో అనుకున్నాను.

వెనక్కి తిరిగింది.

వచ్చేటప్పుడు అంత మెల్లగా రాలేదు. వరసను చీల్చుకుంటూ వచ్చి, తూకం వేస్తున్న నా చేతుల మధ్యనే సంచి బోర్లించింది. వంకాయలు కౌంటరు మీద దొర్లి కింద పడ్డాయి.

"ఏమప్పా మద్దిలేటీ! సచ్చి బతికొచ్చిన దానికి పుచ్చొంకాయలు పోస్తావా? నీ కండ్లు యాడ పెట్టుకున్యావు? ఇవి నీ పెండ్లానికి ఇచ్చి చూడు, నీకు వండి పెట్టిందంటే నన్నడుగు!"

"ఉండేవి ఇవే అత్తా" అన్నాను.

"ఇవేనా? ఆ బుట్టలో ఉండేవి ఎవురికి దాచిపెట్టినావు? నాకు కండ్లు లేవనుకున్యావా? అయిదేండ్ల పిల్లోడు గూడా నీకంటే బాగ ఏరుతాడు. లే, పక్కకు లే!"

"అత్తా, నాది కొట్టిచ్చుకోని పోతా, నువ్వు తర్వాత..." అన్నాడు తూకంలో సరుకున్నాయన.

"నిలబడు! నిలబడితే కాళ్ళు అరిగిపోతాయా?"

వెనక దస్తగిరి పెద్దగా నిట్టూర్చాడు. సోమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈశ్వరి టీచరు పలక పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. వరస అంగడి దాటి వీధిలోకి పోయింది. అక్కడినుంచి ఎవరో ఏమాయ, ఎందుకాలస్యం అని అరుస్తున్నారు.

నేను లేత వంకాయల బుట్ట మొత్తం ఎత్తుకొచ్చి ఆమె ముందు పెట్టాను. ఏరుకోమన్నాను. ఆమె ఒక్కొక్కటి తీసి, తొడిమ గిల్లి, వెలుతురుకేసి పట్టి చూసి, నన్ను తిడుతూ ఏరుకుంది. చాలాసేపు ఏరుకుంది.